ముందు ప్లాస్టిక్ పేరు, ఆ తర్వాతే జిగురు పేరు



వరి, పత్తి ముచ్చట్లు రాసే పేజీలో ఇయ్యాల కారు బంపర్ గురించి రాస్తున్న. ఇదేంది అనుకోకండి. రామగుండం, గోదావరిఖని చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పుడు చానామంది ఇండ్ల ముందట ఒక పాత కారు ఉంటది. సింగరేణిలో పని చేసి రిటైరైన వాళ్ల దగ్గర కొన్నదో, చుట్టాల దగ్గర తీసుకున్నదో. విత్తనాల సంచులు, పిల్లల హాస్టల్ పెట్టెలు, ముసలోళ్ల ఆసుపత్రి ప్రయాణం, అన్నీ దాంట్లోనే. మన రోడ్ల సంగతి మీకు తెలిసిందే. బొగ్గు టిప్పర్లు తిరిగి తిరిగి గుంతలు పడతయి, వానాకాలం వస్తే ఆ గుంతల లోతు తెలవదు. ముందు బంపర్ కింది అంచు పగులుతది, చక్రం మీది లైనర్ చినుగుతది, అద్దం డబ్బా గేటుకు తాకి విరుగుతది.

ఇనుము విరిగితే వెల్డింగ్ షాపుకు పోతం. ప్లాస్టిక్ పగిలితే మాత్రం హార్డ్‌వేర్ షాపుకు పోయి "అన్నా, గట్టి జిగురు ఒకటి ఇయ్యి" అంటం. ఆయన చేతికందింది ఇస్తడు. ఆయన తప్పేం లేదు, మనం అడిగింది సగం ప్రశ్ననే. గట్టి జిగురు అని విడిగా ఒకటి లేదు. ఒక ప్లాస్టిక్‌ను విడవకుండా పట్టుకునే జిగురు ఇంకో ప్లాస్టిక్ మీద గోరుతో గీకితే పొరలెక్క లేచి వస్తది. కాబట్టి మూడు సంగతులు తెలిసినంకనే జిగురు కొనాలె. ఇది ఏ ప్లాస్టిక్? ఎంత వేడి, ఎంత ఒత్తిడి ఓర్చుకోవాలె? అతుకు ఊడితే ఏం పోతది?

మొదటి దానికి జవాబు మన పొలంలోనే ఉంది. బోరు కాడ పీవీసీ పైపులు ఎట్ల అతికిస్తం? సొల్యూషన్ పూసి, దూర్చి, కొద్దిగా తిప్పి, అర నిమిషం పట్టుకుంటం. అది నడుమ ఉండి పట్టుకునే జిగురు కాదు. పైపు పైపొరను కరిగిస్తది. కరిగిన రెండు పొరలు కలిసిపోయి, ద్రావకం ఆవిరైనంక ఒకటే ముక్క అయితది. మరి అదే సొల్యూషన్ డ్రిప్పు లాటరల్‌కు పూస్తమా? పూయం. లాటరల్ పాలిథిన్ జాతిది, ఆ సొల్యూషన్ దాన్ని ఏం చెయ్యలేదు. అందుకే జాయినర్ పెడతం. నల్ల హెచ్‌డీపీఈ పైపు అయితే వేడి పలకతో రెండు అంచులు కరిగించి ఒకదానికొకటి ఒత్తుతరు, లేకపోతే కప్లింగ్ బిగిస్తరు. ఇది మనందరికీ తెలుసు. కారు కాడికి వచ్చేసరికి మర్చిపోతం.

కారులో కూడా ముఖ్యంగా ఇట్లాంటి రెండు జాతులే. కరిగి కలిసేవి, జిగురు పట్టేవి ఒక జాతి. జిగురు అంటనియ్యనివి ఇంకో జాతి. గ్రిల్లు, అద్దం డబ్బా చాలా కార్లలో ఏబీఎస్‌తో చేస్తరు, అది మొదటి జాతి. బంపర్, చక్రం లైనర్, బ్యాటరీ డబ్బా పాలీప్రొపిలీన్‌తో చేస్తరు, అది రెండో జాతి. మనకు ఎక్కువగా పగిలేది ఈ రెండో జాతే.

తెలుసుకునుడు కష్టం కాదు. ముక్కను ఊడదీసి వెనక వైపు కడిగి చూడండి. రెండు బాణం మొనల నడుమ ఇంగ్లిష్ అక్షరాలు పోతలోనే వచ్చి ఉంటయి. పీపీ అంటే పాలీప్రొపిలీన్. దాని పక్కన ఈపీడీఎం అని ఉంటే రబ్బరు కలిపినట్టు, టీ 20 లేదా టీడీ 20 అని ఉంటే వందలో 20 పాళ్లు టాల్క్ పొడి కలిపినట్టు. పీఈ అంటే పాలిథిన్. ఏబీఎస్ అంటే ఏబీఎస్సే. పీసీ అంటే పాలీకార్బొనేట్, హెడ్‌లైట్ అద్దం అదే. పీఏ 66 జీఎఫ్ 30 అని ఉంటే 30 పాళ్లు గాజు నార కలిపిన నైలాన్.

గుర్తు కనిపించకపోతే ఎమ్రీ పేపర్‌తో వెనక కొద్దిగా రుద్దండి. ఏబీఎస్ పొడి రాలుతది. పాలీప్రొపిలీన్, పాలిథిన్ అయితే పొడి రాలకుండా నూగు లేస్తది, చేతికి మైనం లెక్క తగులుతది. చిన్న ముక్క దొరికితే నీళ్లలో వేయండి. ఉత్త పాలీప్రొపిలీన్, పాలిథిన్ తేలుతయి. ఏబీఎస్, నైలాన్, పాలీకార్బొనేట్ మునుగుతయి. కానీ టాల్క్ కలిపిన బంపర్ ముక్క కూడా మునగొచ్చు, అందుకే ఇదొక్కటే నమ్మొద్దు. ఇంకొకటి, కనపడని చోట ఒక చుక్క అసిటోన్ పెట్టండి. ఏబీఎస్ మెత్తబడి వేలికి అంటుకుంటది. పాలీప్రొపిలీన్ ఏమీ కానట్టే ఉంటది. హెడ్‌లైట్ అద్దం మీద మాత్రం ఈ పరీక్ష చెయ్యకండి, పాలీకార్బొనేట్‌కు అసిటోన్ తగిలితే తెల్లబడి సన్న పగుళ్లు వస్తయి.

పాలీప్రొపిలీన్‌కు జిగురు ఎందుకు పట్టదు? చామగడ్డ ఆకు మీద నీళ్లు పోసి చూడండి. బొట్టు బొట్టుగా ఉండి జారిపోతది తప్ప ఆకును తడపదు. జిగురు పట్టాలంటే ముందు అది పరుచుకోవాలె, సందుల్లోకి దిగాలె, ఆ తర్వాత గట్టిపడాలె. పాలీప్రొపిలీన్ పైపొర జిగురును దగ్గరికి రానియ్యదు. ఆకు మీద మందు నిలవకపోతే స్ప్రేలో స్టిక్కర్ కలుపుతం చూడండి, ఇక్కడ ప్రైమర్ చేసేది అటువంటి పనే. కంపెనీల్లో బంపర్‌కు రంగు వేసే ముందు దాని మీద నుంచి మంటను క్షణం సేపు పోనిస్తరు. దాంతో పైపొర మారి రంగును పట్టుకుంటది, లేకుంటే ఆ రంగు కూడా పొట్టు లెక్క రాలిపోతది.

ఈ ప్లాస్టిక్‌ను 1954లో ఇటలీలో జూలియో నట్టా తయారు చేసిండు. 1963లో కార్ల్ జీగ్లర్‌తో కలిపి ఆయనకు నోబెల్ బహుమతి ఇచ్చిండ్రు. తేలిక, చవక, వంగుతది, బ్యాటరీ ఆసిడ్‌కు కూడా కరగదు. ఏదీ అంటకపోవుడే దాని బలం. అతికించుకునే కాడ అదే మనకు తిప్పలు.

ఇగ జిగుర్ల సంగతి.

చిన్న ట్యూబులో వచ్చే ఫెవిక్విక్ లాంటివి సయనోఅక్రిలేట్ జాతి. 1942లో అమెరికాలో కొడాక్ కంపెనీల హ్యారీ కూవర్ తుపాకీ గురి చూసే పారదర్శక ప్లాస్టిక్ కోసం పని చేస్తుంటే ఇది బయటపడ్డది. అన్నిటికీ అంటుకుంటాందని అప్పుడు పక్కన పెట్టిండ్రు, 1958లో అమ్మకానికి తెచ్చిండ్రు. ఇది గాలిలో, ముక్క మీద ఉన్న సన్నని తేమతో గట్టిపడతది. అందుకే మన దగ్గర మే నెల పొడి గాలికి ఆలస్యం చేస్తది, శ్రావణంలో టక్కున పట్టుకుంటది. ఏబీఎస్ ముక్క నీటుగా విరిగి, రెండు అంచులు సరిగ్గా కూర్చుంటే ఇది బాగా పని చేస్తది. కానీ గట్టిపడినంక గాజు లెక్క పెళుసు. ఊగే చోట, వంగే చోట ఆగదు. సుమారు 80 డిగ్రీలు దాటితే బలం తగ్గుతది. వంటసోడా చల్లి దీన్ని పోస్తే రాయి లెక్క అయితది అని వీడియోల్లో చూపిస్తరు. నిజమే, రాయి అయితది. కానీ పాలీప్రొపిలీన్ మీద ఆ రాయి పెచ్చులెక్క ఊడుతది. ఇంకో మాట, దీన్ని దూది మీద, నూలు గుడ్డ మీద పడనీయకండి. ఒక్కసారే వేడెక్కి పొగ వస్తది, చర్మం కాలుతది. పత్తి రైతులం, అంగి మీద దూది లేని రోజు ఉండదు మనకు.

రెండు ట్యూబులు కలిపే అరాల్డైట్ లాంటివి ఎపాక్సీ. ఏబీఎస్‌ను గరుకు చేసి పూస్తే మంచి పట్టు. లేబుల్ మీద ఎంతకు ఎంత అని ఉంటే అంతే కలపాలె. గట్టిపరిచేది ఇంకొంచెం ఎక్కువ పోస్తే ఇంకా గట్టిగా అయితదని కొందరు అనుకుంటరు. కాదు, మిగిలిపోయింది లోపల మెత్తగనే ఉంటది. ఎండాకాలం ఐదు నిమిషాల ఎపాక్సీ మూడు నిమిషాలకే బిగుసుకోవచ్చు, అందుకే పొద్దున్నే నీడలో కలపండి. ఎం-సీల్ లాంటి ముద్ద కూడా ఎపాక్సీ జాతే. కదలని చోట రంధ్రం పూడ్చడానికి బాగుంటది. వంగే బంపర్‌కు అది పనికిరాదు.

గ్లూ గన్‌తో కరిగించి పోసే కడ్డీ జిగురు ఇంటి పనులకు మంచిదే. కానీ మన ఎండను గుర్తు పెట్టుకోండి. బయట 45 డిగ్రీలు ఉన్న రోజు అద్దాలు మూసి ఎండలో పెట్టిన కారులో నల్ల డ్యాష్‌బోర్డు 70 డిగ్రీలు దాటుతది. ఆ వేడికి ఆ జిగురు మెత్తబడి జారుతది. సిలికాన్ నీళ్లు లోపలికి రాకుండా ఆపడానికి తప్ప బరువు మోయడానికి కాదు. పేరు బిళ్లలు, బీడింగు, తలుపు మీది పట్టీలు అయితే రెండు వైపులా అంటే ఫోమ్ టేపు మేలు. శుభ్రం చేసి గట్టిగా ఒత్తి ఒక రోజు కదపకుండా ఉంచాలె.

ఏబీఎస్‌కు ఇంకో చవకైన ఉపాయం ఉంది. అదే ఏబీఎస్ తురుమును అసిటోన్‌లో వేసి ఒక రాత్రి మూత పెట్టి ఉంచితే చిక్కటి గంజి లెక్క అయితది. విరిగిన చోట అది పూస్తే మన పీవీసీ సొల్యూషన్ చేసిన పనే చేస్తది. అసిటోన్‌కు మంట తొందరగా అంటుకుంటది కాబట్టి పొయ్యి దగ్గర, బీడీ ముట్టించిన మనిషి దగ్గర కలపొద్దు.

పాలీప్రొపిలీన్ బంపర్‌కు జిగురే పెట్టాలంటే దానికోసమే చేసిన రెండు భాగాల అక్రిలిక్, పాలీయూరిథేన్ జిగుర్లు ఉన్నయి. కొనే ముందు లేబుల్ మీద పీపీ, పీఈ, టీపీవో అనే మాటలు వెతకండి. ప్రైమర్ వాడాలని రాస్తే ప్రైమర్ కూడా కొనాలె, అది దండగ ఖర్చు కాదు. "అన్ని ప్లాస్టిక్‌లకు" అని పెద్దక్షరాలతో రాసి, వెనక చిన్నక్షరాలతో "పీపీ, పీఈ తప్ప" అని రాసే ట్యూబులు ఉంటయి. మనకు ఆ చిన్నక్షరాలే ముఖ్యం.

అయితే పగిలిన బంపర్‌కు జిగురు కన్నా మేలైన దారి వేడి. హెచ్‌డీపీఈ పైపు ముచ్చట యాదికి తెచ్చుకోండి. గోదావరిఖనిలో బంపర్లు బాగు చేసే ఒక తమ్ముడు పని చేస్తుంటే పక్కన కూర్చొని చూసిన.

"తమ్మీ, జిగురు పెట్టవా?" అంటే, "దీనికి దీని జాతిదే కావాలె అన్నా, జిగురు పెడితే మళ్ల నా దగ్గరికే వస్తవు" అన్నడు.

ముందు సబ్బు నీళ్లతో రెండు సార్లు కడిగిండు. మన దగ్గర బంపర్ మీద బొగ్గు దుబ్బ, డీజిల్ పొగ కలిసి నూనె పొరలెక్క ఉంటది, అది పోకుంటే ఏదీ పట్టదు. పగులు ఎక్కడ ఆగిందో అక్కడ సన్నని రంధ్రం వేసిండు, గీత ఇంకా ముందుకు పోకుండా. పగులు వెంట నాగలి సాలు లెక్క గాడి తీసిండు. వెనక వైపు వేడి పిన్నులు దించి రెండు అంచులు కుట్టినట్టు పట్టించిండు. ఆ తర్వాత పాత పీపీ బంపర్ నుంచి కోసిన పట్టీని వేడి ఐరన్‌తో కరిగిస్తూ గాడి నింపిండు. చల్లారినంక రుద్ది చదును చేసిండు. కొత్త బంపర్ ధరలో పదో వంతు కూడా కాలేదు. పొగ పీల్చకుండా తలుపులు తెరిచి, గాలికి ఎదురుగా కాకుండా పక్కకు కూర్చొని చేసిండు. మీరు చేసినా అట్లనే చెయ్యండి.

ఇట్ల చేస్తే ఎందుకు ఆగుతది అంటే, ఒక మీటరు పాలీప్రొపిలీన్ 40 డిగ్రీల వేడి తేడాకు దాదాపు 4 మిల్లీమీటర్లు సాగుతది, టాల్క్ కలిపితే కొంచెం తక్కువ. జనవరి తెల్లవారుజామున ముడుచుకొని, మే మధ్యాహ్నం సాగే వస్తువు అది. నడుమ పెళుసు జిగురు పెడితే అది సాగదు, ఊడుతది. అదే జాతి ప్లాస్టిక్ అయితే రెండూ కలిసి సాగుతయి.

ఇంతవరకు చెప్పింది డబ్బుల సంగతి. ఇప్పుడు చెప్పేది ప్రాణం సంగతి, మూడో ప్రశ్న.

పోయినేడు మే నెలలో బాపును కరీంనగర్ ఆసుపత్రికి తీసుకపోతున్నం. కారు మా బావది, ఆయనే నడుపుతుండు. నేను వెనక సీటులో బాపు పక్కన ఉన్న. ఆ కారు రేడియేటర్ మీది ప్లాస్టిక్ టాంకుకు సన్నని గీత పడితే అంతకు రెండు వారాల ముందు ఒక మెకానిక్ దానికి జిగురు ముద్ద పెట్టి, "ఏడాది దాకా భయం లేదు" అన్నడట. పెద్దపల్లి దాకా మంచిగనే వచ్చినం. రాజీవ్ రహదారి మీద సుల్తానాబాద్ దాటినంక బానెట్ సందుల నుంచి తెల్లగా ఆవిరి లేచింది, వేడి ముల్లు పైకి పోయింది. బావ వెంటనే పక్కకు ఆపిండు. ఆ ముద్ద ముద్దలెక్కనే ఊడి కింద పడ్డది.

మధ్యాహ్నం పన్నెండు. గుండె జబ్బు మనిషి. వేప చెట్టు కింద తువ్వాల పరిచి కూర్చోబెట్టినం. "మామా, ఎట్లున్నది పానం?" అని బావ పది సార్లు అడిగిండు. బాపు తువ్వాల కొస తడిపి నెత్తి మీద వేసుకొని, "ముందు నాకు పోయుండ్రి నీళ్లు, తర్వాత బండికి పోద్దురు" అన్నడు. ముప్పావు గంటకు ఒక పాల వ్యాన్ ఆయన ఆపి ఎక్కించుకున్నడు. బాపు బాగనే ఉన్నడు. కానీ ఆ ముప్పావు గంట మా ఇంట్ల ఎవరూ మరువలేదు.

రేడియేటర్ టాంకు గాజు నార కలిపిన నైలాన్. ఇంజిన్ నడుస్తుంటే లోపల నీళ్లు 100 డిగ్రీల దాకా, ఒక్కోసారి ఇంకా పైకి పోతయి. మరగకుండా ఉండడానికి మూత లోపల దాదాపు ఒక వాతావరణం అంత అదనపు ఒత్తిడిని పట్టి ఉంచుతది. ఏండ్ల తరబడి ఆ వేడికి నైలాన్ పెళుసు అయితది. ఒక గీత కనపడ్డదంటే పక్కనంతా అదే పరిస్థితి. పైన ఎంత మంచి జిగురు పెట్టినా కింద ఉన్న నైలాన్ బాగుపడదు. అక్కడ అతుకు కాదు, టాంకో రేడియేటరో మార్చుడే మందు. వేడి మీద ఉన్నప్పుడు దాని మూత తీయకండి, మొఖం కాలుతది.

అట్లనే పెట్రోలు, డీజిల్ టాంకు, వాటి పైపులు, బ్రేకు నూనె డబ్బా, ఎయిర్‌బ్యాగ్ మూత, సీటు బెల్టు లాకు, స్టీరింగ్‌కు సంబంధించిన ఏ ముక్క అయినా జిగురు జోలికి పోవద్దు. పెట్రోలు టాంకుకు వేడి ఐరన్ తగిలించుడు అంటే చేతులారా నిప్పు పెట్టుకునుడే, ఖాళీ టాంకులో ఆవిరి ఇంకా ప్రమాదం. బంపర్ గట్టిగా గుద్దుకొని పగిలితే ప్లాస్టిక్ ఒక్కటే అతికించి ఊకోకండి. వెనక ఉన్న ఇనుప దూలం, దాని బోల్టులు చూపించుకోవాలె. గ్రిల్లు, అద్దం డబ్బా, లైనర్, లోపలి తలుపు పట్టీ, నంబర్ ప్లేటు చట్రం, ఇట్లాంటివి ఊడినా దారిలో నవ్వులపాలు అయితం అంతే. వాటి మీద ఎన్ని ప్రయోగాలైనా చేయండి.

చివరగా, ఇదంతా కారు లేని రైతుకు కూడా పనికొచ్చేదే. మనం వీపుకు వేసుకునే స్ప్రే పంపు టాంకు ఎక్కువగా పాలిథిన్ జాతిదే. దానికి సన్నని పగులు పడితే ఏదో జిగురు పూసి, పైన టేపు చుట్టి పత్తి చేలోకి పోయేటోళ్లను ప్రతి ఏడాది చూస్తున్న. పాలిథిన్‌కు ఆ జిగురు పట్టదని ఇప్పుడు మీకు తెలుసు. ఊడితే పోయేది పంపు కాదు. పురుగుల మందు అంగి తడిపి వీపు మీద గంటల తరబడి ఉంటది, చర్మం నుంచి ఒంట్లోకి దిగుతది. కళ్లు తిరుగుడు, వాంతులు అని ఆసుపత్రికి పోయినంక టాంకు ధర లెక్క పెట్టుకుంటే ఏం లాభం?

కాబట్టి ఈ సీజన్ మందు కొట్టుడు మొదలుకాక ముందే పంపును నీళ్లతో నింపి, ఒక గంట కింద కాగితం పరిచి పెట్టండి. కాగితం తడిస్తే వాషరా, గొట్టమా, టాంకా చూడండి. వాషర్, గొట్టం అయితే మార్చండి. టాంకే పగిలితే దాన్ని పక్కన పెట్టి కొత్తది వేసుకోండి, పాతదాంట్లో తాగే నీళ్లు మాత్రం పట్టకండి. మీ ఇంట్లో పగిలిన ప్లాస్టిక్ ముక్క ఏదన్నా ఉంటే వెనక తిప్పి ఏ అక్షరాలు ఉన్నయో చూసి కింద రాయండి. ఏం చేయొచ్చో తెలిసినంత వరకు చెప్తా.

ఉంటా మరి.